స్టార్ట్ అవ్వని టిల్లర్ కూడా ప్రాజెక్టే

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి టైటిల్ ఇవ్వడానికి వెళ్తే రివ్యూలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఇందులో నావెల్టీ ఏముంది?" ఆ ప్రశ్న అడగకూడదని నేను అనను. కానీ అదొక్కటే అడగడం వల్ల ఏం జరుగుతోందో మనందరికీ తెలుసు. మెకానికల్ వాళ్లం ఫిన్ ఆకారం గుండ్రం నుంచి త్రికోణానికి మార్చి, ఆన్సిస్‌లో ఎరుపు, పసుపు, నీలం రంగుల బొమ్మ తీసి, కన్‌క్లూజన్‌లో "హీట్ ట్రాన్స్‌ఫర్ పెరిగినది" అని రాసేస్తాం. అదీ చేతకాకపోతే అమీర్‌పేట బస్సెక్కుతాం. అక్కడ ప్రాజెక్టు, రిపోర్టు, పీపీటీ, వైవాలో అడిగే ప్రశ్నలకి జవాబులు అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ. నావెల్టీ కూడా వాళ్లే రాసిస్తారు.

నా వాదన చిన్నదే. చెడిపోయి మూలన పడ్డ ఒక పాత యంత్రాన్ని తెచ్చి, అది ఎందుకు ఆగిపోయిందో కొలతలతో నిరూపించి, మళ్లీ నడిపించి చూపిస్తే దాన్ని మన డిపార్ట్‌మెంట్ ప్రాజెక్టుగా ఒప్పుకోవాలి. మా ముగ్గురికి ఒప్పుకోలేదు కాబట్టి కడుపుమంటతో రాస్తున్నానని మీరు అనుకోవచ్చు. కడుపుమంట ఉంది, కాదనను. అదొక్కటే అయితే హాస్టల్ మెట్ల మీద కూర్చుని తిట్టుకునేవాణ్ణి, ఇంత టైప్ చేసేవాణ్ణి కాదు.

సంగతేంటంటే, మేం పోయిన వేసవిలో ఒక పవర్ టిల్లర్ కొన్నాం. సీఎస్ఈ మిత్రుల కోసం రెండు ముక్కలు: పవర్ టిల్లర్ అంటే రెండు చక్రాల బుల్లి ట్రాక్టరు. ముందు సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజిను, వెనక మట్టిని తిరగేసే రోటవేటర్ కత్తులు, పొడుగాటి రెండు హ్యాండిల్స్. దాని వెనకే నడుస్తూ దున్నాలి. పెద్ద ట్రాక్టరు తిరగలేని చోట, అంటే కొబ్బరి చెట్ల మధ్య, అరటి తోటల్లో, చిన్న మడుల్లో ఇది దూరిపోతుంది. బెంగళూరు వీఎస్టీ వాళ్లు 1967లో మిత్సుబిషి సహకారంతో మొదలుపెట్టినవీ, కేరళలో 1973లో ప్రభుత్వం పెట్టిన కామ్కో వాళ్లవీ మనవైపు పాతకాలం నుంచీ కనిపిస్తాయి. పాతవాటికి బ్యాటరీ ఉండదు, సెల్ఫ్ ఉండదు. హ్యాండిల్ పెట్టి తిప్పాలి. సెన్సారు అన్న మాటే లేదు.

మాది కోనసీమలో, మా ఫ్రెండు వాళ్ల ఊళ్లో దొరికింది. యజమాని డెబ్భై దాటిన పెద్దాయన. మూడేళ్లుగా చూరు కింద సగం, వానలో సగం పడి ఉంది. ఇద్దరు మెకానిక్కులు చూసి "బోరుకి వచ్చేసిందండి, ఇంజిను పని మొత్తం చెయ్యాలి" అన్నారట. కొత్త లైనరు, పిస్టను, రింగులు, పైన మజూరీ. ఆ లెక్క విని ఆయన ఆశ వదిలేసుకున్నాడు. పాత ఇనుము వాడు కాటా లెక్కన పన్నెండు వేలు ఇస్తానన్నాడట. మేం పదహారు ఇస్తామంటే ఆయన ముందు నమ్మలేదు. "చదువుకునే పిల్లలు, మీకెందుకు బాబూ ఈ తలనొప్పి?" అన్నాడు. తర్వాత, "సరే తీసుకెళ్లండి. కాటాకి వెయ్యడానికి నాకూ మనసొప్పట్లేదు" అన్నాడు. ముగ్గురం ఇంటర్న్‌షిప్ డబ్బులు కలిపి కొన్నాం. మా ఫ్రెండు వాళ్ల పెదనాన్నగారి పశువుల పాకే మా ల్యాబ్.

ఇక్కడి నుంచి కొంచెం నూనె అంటుకుంటుంది, ఓపిక పట్టండి. నా వాదనంతా ఈ జిడ్డులోనే ఉంది.

డీజిల్ ఇంజిను నడవాలంటే గాలి కావాలి, కంప్రెషన్ కావాలి, సరైన టైముకి సన్నని తుంపరగా డీజిల్ కావాలి. స్పార్కు ప్లగ్గు లేదు కాబట్టి మంట పుట్టేది కేవలం నొక్కిన గాలి వేడికే. థర్మోలో మనం పదిసార్లు చేసిన లెక్కే: కంప్రెషన్ రేషియో 18, గామా 1.4, లోపలికి వచ్చే గాలి 30 డిగ్రీలు అనుకుంటే, చివర్లో దాదాపు 690 డిగ్రీల సెల్సియస్ వస్తుంది. డీజిల్ అంటుకోవడానికి అందులో సగం వేడి కూడా అక్కర్లేదు. మరి ఎందుకు అంటుకోవట్లేదు? ఆ లెక్కలో గాలి ఎక్కడా కారదు, గోడలకి వేడి పోదు. పాకలో ఉన్న ఇంజినులో రెండూ జరుగుతాయి. హ్యాండిల్ నెమ్మదిగా తిప్పితే ఇంకా ఎక్కువ జరుగుతాయి. అడయాబాటిక్ అన్న మాటకి అర్థం నాకు సెకండ్ ఇయర్‌లో కాదు, ఆ హ్యాండిల్ దగ్గర భుజాలు పడిపోయాక తెలిసింది.

కంప్రెషన్ గేజ్ కోసం తిరిగాం, డీజిల్‌కి సరిపోయేది దొరకలేదు. అప్పుడు మా వాడొకడు పది లీటర్ల నీళ్ల క్యాను తెచ్చాడు. హ్యాండిల్ అడ్డంగా వచ్చేలా పెట్టి, పిస్టను కంప్రెషన్ మీద ఉండగా, ఆ క్యాను వేలాడదీసి హ్యాండిల్ కిందికి జారడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాం. లోపల గాలి నిలబడితే మెల్లగా జారుతుంది, కారిపోతే టపీమని పడుతుంది. మొదటిసారి రెండు సెకన్లు కూడా ఆగలేదు. ఐదుసార్లు చేసి సగటు రాసుకున్నాం. గాలి కారుతోందన్నది ఖాయం. ఎటు నుంచి అన్నదే ప్రశ్న. రింగుల నుంచా, వాల్వుల నుంచా, హెడ్ గ్యాస్కెట్ నుంచా? అంతకన్నా ముందు, డీకంప్రెషన్ లివరే ఇరుక్కుని వాల్వుని కొంచెం తెరిచి పెడుతోందా? ఖర్చు లేని పరీక్ష ముందు చెయ్యాలి కాబట్టి లివరు చూశాం. బాగానే ఉంది.

సిలిండర్లో కాస్త ఇంజినాయిల్ పోసి మళ్లీ చూడమని పుస్తకాల్లో ఉంటుంది. కంప్రెషన్ పెరిగితే రింగులు పోయినట్టు, పెరగకపోతే వాల్వులు. మాకు పెద్దగా పెరగలేదు. ఎగిరి గంతేశాం. ఊళ్లో ఒక పాత మెకానిక్ ఉన్నాడు, అందరూ బాబాయ్ అంటారు, మేమూ అదే అన్నాం. ఆయన వచ్చి మా గంతులు చూసి నవ్వాడు.

"సిలిండరు నిలబడుందా, పడుకునుందా?"

"పడుకునుంది బాబాయ్."

"మరి నువ్వు పోసిన ఆయిలు పైరింగుకి ఎలా ఎక్కుద్ది అబ్బాయ్? కిందికే చేరుద్ది. ఆ పరీక్ష దీనికి సగమే పనిచేస్తది. ముందు చెవి పెట్టవయ్యా."

ఈ టిల్లర్ ఇంజిన్లలో సిలిండర్ అడ్డంగా ఉంటుంది. ఆ ఒక్క మాట ఏ టెక్స్ట్‌బుక్కులోనూ నాకు కనపడలేదు. ఆయన చెప్పినట్టు ఎయిర్ క్లీనరు తీసేశాం, సైలెన్సరు కూడా తీసేశాం. సైలెన్సర్లో కందిరీగలు మట్టితో కట్టిన గూడు గట్టిగా బిగుసుకుని ఉంది. అది క్లీన్ చేశాక ఒకడు క్యాను బదులు తనే హ్యాండిల్ మీద వాలి నిలబడితే, మిగతా ఇద్దరం చెవులు పెట్టాం. ఎగ్జాస్ట్ వైపు చప్పుడు లేదు. క్రాంక్‌కేస్ బ్రీదర్ దగ్గర వేలు పెడితే ఏమీ తగల్లేదు. ఇన్‌లెట్ వైపు మాత్రం పాము బుసకొట్టినట్టు సన్నగా వినపడింది.

హెడ్డు విప్పితే సాక్ష్యం కళ్లముందే ఉంది. ఇంజిను ఆగినప్పుడు ఇన్‌లెట్ వాల్వు తెరుచుకున్న చోట ఆగింది. ఎయిర్ క్లీనరు కింది గిన్నె ఎప్పుడో ఊడిపోయింది. మూడు వానాకాలాలు ఆ దారిన తేమ వెళ్లి వాల్వు సీటు మీద తుప్పు గుంటలు పెట్టింది. మరి "బోరుకి వచ్చేసింది" అన్న సిలిండర్? అంచు మీద గోరు పెట్టి గీస్తే ఎక్కడా మెట్టు తగల్లేదు. అంటే అరిగింది చాలా తక్కువ. ఇద్దరు మనుషులు హెడ్డు విప్పకుండా చెప్పిన మాట మీద ఒక రైతు పనికొచ్చే యంత్రాన్ని ఇనుప తుక్కుగా అమ్మడానికి సిద్ధపడ్డాడు. మనం నాలుగేళ్లు చదివేది ఇలాంటి చోట కాకపోతే ఎక్కడ పనికొస్తుందో నాకు తెలియదు.

గ్రైండింగ్ పేస్టు పెట్టి వాల్వుని సీటు మీద అరగదీయడం రెండు పూటల పని. చేతుల మధ్య కర్రని మజ్జిగ కవ్వంలా తిప్పుతూ, మధ్యమధ్యలో ఎత్తి, తుడిచి, చుట్టూ ఒకే వెడల్పున బూడిదరంగు గీత వచ్చేదాకా. తర్వాత పోర్టులో కిరసనాయిలు పోసి పది నిమిషాలు చూశాం. చుక్క కారలేదు. కొత్త గ్యాస్కెట్ వేసి, వాల్వు గ్యాపు పెట్టి, మళ్లీ క్యాను కట్టాం. ఈసారి 38 సెకన్లు.

నాజిల్ సంగతి తొందరగా చెప్తాను. విప్పి బయటే పైపుకి బిగించి తిప్పితే తుంపర రావాల్సింది, పాలు కారినట్టు కారింది. కొత్త ఎలిమెంట్ కొన్నాం. ఇది చేసేవాళ్లు ఎవరైనా ఆ తుంపరకి చెయ్యి అడ్డం పెట్టకండి. ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మం లోపలికి దూరిపోతుంది, చెయ్యి తీసేయాల్సినంత ప్రమాదం. ట్యాంకు అడుగున నీళ్లు, జిగురు ఉంటే కడిగాం. ఫిల్టరు మార్చాం. లైన్లో గాలి బుడగలు పోయేదాకా బ్లీడ్ చేశాం.

అన్నీ చేశాక కూడా స్టార్ట్ అవ్వలేదు. తెల్లటి పొగ మాత్రం పాకంతా నిండింది. గేదెలు లేచి నిలబడ్డాయి.

ఈ ఘట్టం గురించే నేను రాస్తున్నది. గాలి ఉంది, కంప్రెషన్ ఉంది, డీజిల్ వెళ్తోంది. తెల్లపొగంటే కాలని డీజిల్ ఆవిరి. అంటే టైము తప్పింది, లేదా వేడి చాల్లేదు. రెండిట్లో ఏదో ఊహించకుండా తేల్చాలి. ఆ రాత్రి ముగ్గురం నోట్సు తీశాం. పరీక్షకి తప్ప తీయని ఐసీ ఇంజిన్స్ నోట్సు, పరీక్ష లేని రోజున. ఈ రకం ఇంజిన్లలో పంపు కింద పల్చటి షిమ్‌లు ఉంటాయి. షిమ్ ఎక్కువైతే పంపు క్యామ్‌కి దూరమై ఇంజెక్షన్ ఆలస్యమవుతుంది, తీస్తే ముందుకొస్తుంది. పొద్దున్నే హైప్రెషర్ పైపు విప్పి, ఫ్లైవీలుని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ, పంపు మూతి దగ్గర డీజిల్ ఎప్పుడు కదుల్తుందో చూశాం. ఫ్లైవీలు మీద గీత దాటిపోయాక కదిలింది. పంపు విప్పితే ఒక షిమ్ మిగతావాటికన్నా కొత్తగా, వేరే రంగులో ఉంది. గతంలో ఎవరో విప్పి అదనంగా ఒకటి వేసి బిగించారన్నమాట. తీసేశాం. గీత కలిసింది.

హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టూ తిప్పి పట్టుకుంటే ఇంజిను వెనక్కి తన్నినప్పుడు విరుగుతుంది. ఇది బాబాయ్ మాకు మూడుసార్లు చెప్పాడు. లివరు ఎత్తి పట్టుకుని, స్పీడు అందుకున్నాక వదిలేశాం. ముందు రెండు దగ్గులు, తర్వాత నల్లపొగ, తర్వాత ఆగకుండా టక్ టక్ టక్. విడిభాగాలు, బెల్టులు మూడు, ఆయిలు, బాబాయ్‌కి బలవంతంగా ఇచ్చింది అన్నీ కలిపి ఏడువేల ఎనిమిది వందలు. టిల్లరుతో కలిపి మనిషికి ఎనిమిది వేలు కూడా పడలేదు.

ఇదంతా లాగ్‌బుక్కులో ఉంది. ఏ రోజు ఏం అనుమానించాం, ఏ పరీక్ష చేశాం, ఏం తేలింది, తర్వాత దేన్ని కొట్టేశాం, ఫోటోలతో 46 పేజీలు. దాన్ని పట్టుకుని రివ్యూకి వెళ్లాం. అక్కడ వచ్చిన అభ్యంతరాలు మూడు. వాటిని ఎగతాళి చేయను. చెప్పినవాళ్లు మాకు పాఠాలు చెప్పినవాళ్లే, అడ్డంగా మాట్లాడే మనుషులు కారు.

ఒకటి, రిపేరు మెకానిక్ పని, ఇంజనీరు పని డిజైన్ అని. ఇది నాకు అసలు మింగుడుపడలేదు. మన సిలబస్ కాగితం మీద మొదట్లోనే ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్ అని ఉంటాయి కదా, ఎవరూ చదవనివి. వాషింగ్టన్ అకార్డ్‌లో 2014లో మన దేశం పూర్తి సభ్యత్వం తెచ్చుకున్నప్పటి నుంచీ ఎన్‌బీఏ వాళ్లు వీటిని నెత్తిన పెట్టుకుని అడుగుతున్నారు. అందులో ఇంజనీరింగ్ పరిజ్ఞానం తర్వాత వచ్చేదే ప్రాబ్లం అనాలిసిస్. తెల్లపొగ నుంచి షిమ్ దాకా మేం వెళ్లిన దారి ప్రాబ్లం అనాలిసిస్ కాకపోతే, మ్యాపింగ్ టేబుల్లో మూడు, రెండు, మూడు అని అంకెలు నింపడం అవుతుందా?

రెండో అభ్యంతరం, మార్కులు ఎలా వెయ్యాలి అని. ఇది న్యాయమైన ప్రశ్న. పాడైన ఇంజిన్లు అన్నీ ఒకేలా ఉండవు. ఒకరికి ఫిల్టరు మారిస్తే స్టార్ట్ అవ్వచ్చు, ఇంకొకరికి క్రాంకే విరిగి ఉండొచ్చు. అందుకే స్టార్ట్ అయిందా లేదా అన్నదానికి మార్కులు వెయ్యొద్దు అంటాను. లాగ్‌బుక్కుకి వెయ్యండి. ముందూ వెనకా కొలిచారా, ఖర్చు తక్కువ పరీక్ష ముందు చేశారా, ఒక అనుమానాన్ని ఏ ఆధారంతో కొట్టేశారు, ఇవి అడగండి. ఇంజిను నడవకపోయినా, "ఇది బాగుచేయడం దండగ, ఎందుకంటే" అని అంకెలతో రాసిన టీమ్‌కి ఫుల్ మార్కులు ఇవ్వండి. వైవాలో హ్యాండిల్ చేతికిచ్చి "చెప్పు" అంటే చాలు, కొనుక్కొచ్చిన ప్రాజెక్టు అయితే అక్కడే తెలిసిపోతుంది. నిజానికి డిపార్ట్‌మెంట్‌కి ఇంతకన్నా సులువైన కాపీ చెకింగ్ ఉండదు.

మూడోది నావెల్టీ. సరే, లేదు. టిల్లరు కొత్తది కాదు, జబ్బు కూడా కొత్తది కాదు. మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్ని "ఈ జ్వరంలో నావెల్టీ ఏముంది?" అని ఎవరూ అడగరు. పబ్లికేషన్ చేయగలిగే టీములు మన బ్యాచ్‌లోనే రెండున్నాయి, వాళ్లు చెయ్యాలి, చేస్తున్నారు కూడా. మిగతా అరవైమందికి బూటకపు నావెల్టీ కన్నా నిజమైన పాత ఇంజిను మేలు.

అమెరికాలో 1960ల నాటి చిన్న గార్డెన్ ట్రాక్టర్లు, కబ్ క్యాడెట్, 1963లో వచ్చిన జాన్ డీర్ 110 లాంటివి, స్టార్ట్ అవ్వనివి కొని బాగుచేసుకోవడం చాలామందికి ఇష్టమైన కాలక్షేపం. అరవై ఏళ్ల నాటివి ఇవాళ్టికీ స్పానర్‌కి లొంగుతాయి. అదే కంపెనీ కొత్త ట్రాక్టర్ల రిపేరు సాఫ్ట్‌వేర్ రైతుల చేతికి పూర్తిగా ఇవ్వట్లేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో కోర్టుకెక్కింది. మన కేంద్ర ప్రభుత్వం 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసినప్పుడు ముందు చూడాల్సిన రంగాల్లో వ్యవసాయ పరికరాల్ని పెట్టింది. హక్కు వస్తే మంచిదే. విప్పడం వచ్చినవాళ్లు ఎవరు మిగుల్తారు అన్నది నా బెంగ. బాబాయ్ దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఆఖరివాడు ఫుడ్ డెలివరీకి హైదరాబాద్ వెళ్లిపోయాడట. తప్పు పట్టను, అక్కడ నెలకి వచ్చేది ఎక్కువ.

పాత ఇంజిన్లన్నీ బంగారమని నేను అనట్లేదు. మా టిల్లరు పొగ వదుల్తుంది, సాయంత్రానికి చేతులు తిమ్మిరెక్కేంత అదురు. రోజూ ఎకరాలు దున్నేవాడు కొత్తది కొనుక్కోవడమే మంచిది. కానీ అరెకరం అరటి తోట ఉన్నవాడికి ఏడాదిలో పది పదిహేను రోజుల పనికి ఇది సరిపోతుంది. ఇప్పుడు అది ఆ పెద్దాయన తోటలోనే దున్నుతోంది. మేం డీజిలు పోసి అద్దె లేకుండా ఇచ్చాం, ఆయన గెల పంపిస్తున్నాడు.

మేం చివరికి ఇచ్చిన ప్రాజెక్టు ఫిన్ల మీదే. త్రికోణం. బొమ్మలు రంగురంగులుగా బాగానే వచ్చాయి.

థర్డ్ ఇయర్ వాళ్లు వచ్చే నెల టైటిల్స్ ఇవ్వాలి. ప్రాజెక్టు గైడ్‌లైన్స్ కాగితంలో డిజైన్, అనాలిసిస్, ఫ్యాబ్రికేషన్ అని మూడు రకాలున్నాయి. నాలుగోదిగా "ఫాల్ట్ డయాగ్నసిస్, పునరుద్ధరణ" అని ఒక్క లైను కలపమని హెచ్‌ఓడీ గారికి లెటర్ రాశాం. ఇప్పటిదాకా 31 సంతకాలు అయ్యాయి, సీఆర్‌ల దగ్గర కాపీ ఉంది. లాగ్‌బుక్కు స్కాన్ కావాలంటే క్లబ్ ఎడిటర్‌ని అడగండి. అదే ఊళ్లో, అదే వీధి చివర, ఇంకో టిల్లరు పడి ఉంది. దానికీ బోరు పోయిందనే చెప్పారట. ఇంకా ఎవరూ హెడ్డు విప్పలేదు.